పిడికెడు బియ్యం

అన్నానికి బియ్యం కొలిచాక, కడగబోయే ముందు మా అమ్మ అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న డాల్డా డబ్బాలో వేసేది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. చేట ముందేసుకుని రాళ్ళు ఏరుతూ ఎవరితోనో కబుర్లాడుతున్నా ఆ చెయ్యి దానంతటదే డబ్బా వైపు వెళ్ళేది. నెలాఖరున సోలెడు తక్కువ కొలిచిన రోజుల్లో కూడా పిడికిలి తగ్గించేది కాదు. నాన్న ఒకసారి నవ్వుతూ "మన పూట సంగతి చూసుకోరాదూ" అంటే, "ఇది మీదీ కాదు, నాదీ కాదు. లెక్కడక్కండి" అంది.

శనివారం సాయంత్రం మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళు గోనెసంచి పట్టుకుని పల్లె చుట్టొచ్చేవాళ్ళు. ఒక్కో ఇంటి డబ్బా ఆ సంచిలో బోర్లించేవాళ్ళు. ఎవరు ఎంత వేశారో రాసే పుస్తకం లేదు. ఒకరింట్లో దంపుడు బియ్యం, ఒకరింట్లో రేషన్ బియ్యం, పొలమున్న ఒకరిద్దరి ఇళ్ళలో సన్నాలు. అన్నీ కలిసిపోయేవి. ఆదివారం ఆరాధన అయ్యాక సొరకాయలు, కోడిపెట్టలతో పాటు ఆ బియ్యాన్నీ వేలం వేసేవాళ్ళు. పెద్దగా పలికేవి కావు. వండితే సన్నబియ్యం ముద్దయ్యేది, ముతకబియ్యం పలుకుగానే ఉండేది. ఎంత తెలివైన ఇల్లాలికైనా ఆ అన్నం కుదిరేది కాదు. వచ్చిన డబ్బులో అయ్యగారి, అంటే పాస్టరుగారి, జీతానికి కొంత, గుడి దీపాలకు కొంత. మిగిలింది ఎవరింట్లో కాన్పు కష్టమైతే బండి బాడుగకో, ఎవరైనా ప్రభువు నందు నిద్రిస్తే శవపెట్టె చేయించడానికో పోయేది.

మాది చీరాలకూ ఒంగోలుకూ మధ్యలో ఒక పల్లె, బాప్టిస్టు సంఘం. బడిలో నన్ను ఎవరైనా ఏడిపించాలనుకుంటే "బియ్యానికి కలిసినోళ్ళు" అనేవాళ్ళు. ఇంకాస్త ముచ్చటపడితే "పాలపొడి కిరస్తానీలు" అనేవాళ్ళు. ఏడుస్తూ ఇంటికొచ్చి చెబితే నాయనమ్మకు కోపం వచ్చేది కాదు. కాళ్ళు చాపుకుని కథ మొదలుపెట్టేది.

ధాత కరువు కథ అది. 1876లో మొదలై 1878 దాకా మనుషుల్ని పీల్చి పిప్పి చేసిన కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కుర్రతనంలో సర్వే పని నేర్చినవాడు. ఆ ధైర్యంతో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళు కాంట్రాక్టుకు తీసుకుని కూలి ఇప్పించాడు. నాయనమ్మ వాళ్ళ తాత అక్కడ మట్టితట్ట మోశాడట. కూలీల మధ్యే బోధకులు ఉండేవాళ్ళు, పని ఆపినప్పుడు వాక్యం చెప్పేవాళ్ళు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. క్లౌ దొర ఇవ్వనన్నాడు. కరువు సాయం నడుస్తున్నంతకాలం ఎవరికీ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట వాళ్ళ మీద పడకూడదనే ఆ పట్టు. సాయం అయిపోయింది, ఇక పనీ లేదు, డబ్బూ లేదు అని కబురు పంపాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బోధకులు ఇద్దరిద్దరు నీళ్ళలో నిలబడి, వాళ్ళు అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగి, సాయంత్రం దాకా ఇచ్చారు. ఊళ్ళో సంత రోజులు మర్చిపోయినా ఆ అంకె మాత్రం నాయనమ్మ మర్చిపోయేది కాదు. "మా తాత కాలవ దగ్గర తిన్నాడు, నిజమే. కష్టం చేసి తిన్నాడు. ఏట్లో దిగిన రోజున మటుకు కడుపు ఖాళీనే" అనేది.

బడిలో ఏడిపించేవాళ్ళకు తెలియని సంగతి ఇంకోటుంది, నాకూ పెద్దయ్యాకే తెలిసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలో కలిసిన దళితులు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉండరు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. మాకు తెరవలేదు. మన రాష్ట్రంలో మమ్మల్ని బీసీ-సీలో పెట్టారు. కలిస్తే వచ్చేదానికంటే పోయేదే ఎక్కువ. మా పల్లెలో చాలామందికి రెండేసి పేర్లుండేవి, బడి రిజిస్టర్లో ఒకటి, సంఘం పుస్తకంలో ఒకటి. దాన్ని ఎవరూ పెద్ద రహస్యంగా దాచేవాళ్ళు కాదు, గర్వంగా చెప్పుకునేవాళ్ళూ కాదు. బతకాలిగా.

నాకు బాగా గుర్తున్న మొదటి కష్టం 1977 తుపాను. నవంబరు 19, శనివారం. దివిసీమను ఉప్పెన ముంచేసింది ఆ రోజే. మా పల్లె దాకా సముద్రం రాలేదు, గాలి వచ్చింది. తెల్లారి చూస్తే గుడి కప్పు మీద ఒక్క పెంకు లేదు. వాసాల మధ్యనుంచి ఆకాశం కనపడుతోంది. కొబ్బరిచెట్టు ఒకటి ప్రసంగ వేదిక మీదికి ఒరిగి ఉంది. ఆదివారం కదా, అయినా అందరూ వచ్చారు. తడిసిన చాపలు ఎత్తేసి ఒట్టి నేల మీద కూర్చున్నాం. అయ్యగారు 46వ కీర్తన తీశారు. సముద్రజలాలు ఘోషించి నురుగు కట్టినా భయపడం అనే చోటు వచ్చేసరికి వెనక నుంచి ఒక ముసలాయన, "నురుగు కట్టడం చూశాం అయ్యగారూ, భయం మాత్రం వేసింది" అన్నాడు. నవ్వాలో వద్దో తెలియక అందరూ అయ్యగారి వైపు చూశారు. ఆయన నవ్వేశాడు. "నాకూ వేసింది, ఆమేన్" అని చదువు కొనసాగించాడు. నేను విన్న ప్రసంగాల్లో అంతకంటే నికార్సైనది లేదు.

ఆ వారం సంచిలో బియ్యం తడిసి ముక్కిన వాసన వచ్చాయి. మా అమ్మా వాళ్ళూ బడి అరుగు మీద ఆరబోసి, వేలం మానేసి, ఇల్లు పడిపోయిన వాళ్ళకు పొయ్యి వెలిగించి వండిపెట్టారు. అంతవరకూ బాగుంది. కష్టకాలంలో సంఘమంతా ఒక్కటైపోతుందని సాక్ష్యాల్లో చెబుతుంటారు. నేను చూసినంతలో మొదటి వారం అవుతుంది. రెండో వారం దుప్పట్లు వస్తాయి. ఎవరో పంపిన దుప్పట్లు, పాలపొడి డబ్బాలు. జాబితాలో ఎవరి పేరు ముందు రాశారు, ఎవరి మేనల్లుడికి రెండు వెళ్ళాయి అని గుడి బయట జుట్లు పట్టుకునేదాకా వెళ్ళింది. రెండు కుటుంబాలు చాలా ఏళ్ళపాటు మా గుడి మెట్లెక్కలేదు. పక్క ఊరి ఆరాధనకు నడిచి వెళ్ళేవాళ్ళు. కానీ శనివారం సంచి వాళ్ళ వాకిట్లోకి వెళితే మాత్రం డబ్బా తెచ్చి బోర్లించేవాళ్ళు. సంచి పట్టుకున్నవాళ్ళు ఏమీ అడిగేవాళ్ళు కాదు, వాళ్ళూ ఏమీ చెప్పేవాళ్ళు కాదు.

1985 సంగతి ఇంత తేలిగ్గా రాయలేను. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద భూస్వాములు దాడి చేసి ఆరుగురిని చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర భూస్వాముల వాళ్ళు గేదె కుడితి బకెట్టు కడుగుతుంటే పల్లెవాళ్ళు అడ్డుచెప్పిన దగ్గర మొదలైంది. మిగిలినవాళ్ళు కట్టుబట్టలతో చీరాల పరుగెత్తుకొచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మా పల్లెకు వార్త అదే రోజు చేరింది. ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. మగవాళ్ళు కర్రలు పట్టుకుని పల్లె మొగదల కూర్చున్నారు.

సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. ఇది పోలీసులూ రాజకీయాలూ ఉన్న వ్యవహారం, మనం ఉపవాస ప్రార్థన పెట్టుకుందాం, అక్కడికి వెళ్ళడం మంచిది కాదు అని ఒక పెద్దాయన అన్నాడు. ఆయన మాట పూర్తిగా తప్పని అనను. మా వాళ్ళు కూలికి వెళ్ళేదీ భూస్వాముల చేలకే. స్త్రీల సమాజం అధ్యక్షురాలు తలుపు పక్కన నిలబడి వింటోంది. "ప్రార్థన నడుస్తూ కూడా చేసుకోవచ్చులే మామయ్యా" అని వెళ్ళిపోయింది. మర్నాడు సంచి ప్రతి ఇంటి నుంచీ నిండింది. పిడికిళ్ళు పక్కన పెట్టి చేటలతోనే పోశారు.

అమ్మతో నేనూ వెళ్ళాను. బస్సు కండక్టరు సంచికి లగేజీ కొట్టబోయి, ఎక్కడికో చెప్పాక టికెట్టు పుస్తకం మడిచేశాడు. చర్చి ఆవరణలో చెట్లకు గోనెపట్టాలు, పాత చీరలు కట్టి నీడ చేసుకున్నారు. మూడేసి ఇటుకలు పెట్టి పొయ్యిలు. పిల్లలు మట్టిలో ఆడుకుంటున్నారు, అదొక్కటే మామూలుగా ఉంది. ఒక పక్క మైకులో ఎవరో మాట్లాడుతున్నారు. ఒకావిడ మా సంచి మూతి విప్పి చెయ్యి దూర్చి బియ్యం పైకి తీసింది. లావూ సన్నమూ ఎరుపూ తెలుపూ. "ఎవరియ్యి ఇయ్యి?" అంది. "అందరియ్యీ" అంది అమ్మ. ఆవిడ గింజలు వేళ్ళతో కదిపి, "ఇయ్యి ఉడికేసరికి తెల్లారుద్ది" అని, చేట అడిగి తీసుకుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. అమ్మ పక్కన కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత ఆవిడ తన గేదె గురించి చెప్పింది. ఈనిన గేదెట. ఆ రోజు నుంచి పాలు పితికే దిక్కులేదు, పొదుగు గట్టిపడి ఎట్లా అల్లాడుతోందో అంది. ఇంట్లో మనుషుల గురించి ఆవిడ చెప్పలేదు, అమ్మ అడగలేదు.

వాళ్ళు తిరిగి కారంచేడు వెళ్ళలేదు. చీరాలలోనే ఇళ్ళు కట్టుకున్నారు. ఆ ఆవరణలో రాజుకున్న ఉద్యమం నుంచే దళిత మహాసభ పుట్టింది. కేసు 2008లో సుప్రీంకోర్టు తీర్పు దాకా నడిచింది. చరిత్ర పుస్తకాల్లో సభలూ నాయకులూ ఉంటారు, ఉండాలి కూడా. నాకు మాత్రం కారంచేడు అంటే ఆ గేదె గుర్తొస్తుంది. మా సంఘంలో ఆ తర్వాత బియ్యం వేలం వెయ్యడం మానేశారు. తీర్మానమేమీ చెయ్యలేదు. సంచి గుడి వెనక గదిలో ఉండేది, ఎవరికి అవసరమైతే వాళ్ళింటికి చీకటి పడ్డాక వెళ్ళేది.

పెళ్ళయి ఒంగోలు వచ్చాను. ఇక్కడ ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జ్యూయెట్ దంపతులూ మరో ముగ్గురు తెలుగు విశ్వాసులూ మోకరించిన చోటు. అప్పటికి ఈ మిషన్ దండగని, మూసేద్దామని అమెరికాలో మాటలు నడుస్తున్నాయి. ఆ కథ మా సంఘాల్లో పసిపిల్లలకు కూడా వచ్చు. నేను చేరిన గుడి పెద్దది, ఫ్యాన్లు, మైకులు, బల్లలు అన్నీ ఉన్నాయి. పిడికెడు బియ్యం ఇక్కడ కానుక కవరుగా మారిపోయింది. పాతిక కిలోల బస్తా తెచ్చుకుని, కుక్కరు గ్లాసుతో కొలిచే ఇంట్లో పిడికెడు ఎప్పుడు తియ్యాలో నాకూ అలవాటు తప్పింది. పాతికేళ్ళకు పైగా అట్లాగే గడిచాయి, వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. నాకు తెలిసి గుడి గంట మోగని మొదటి ఆదివారం. తర్వాత లాక్‌డౌన్. శ్రమల దినాలు ఇంట్లోనే గడిచాయి. మట్టల ఆదివారం ఏప్రిల్ 5న, మెట్ట తామర ఆకులు పట్టుకుని డాబా మీద తిరిగిన పిల్లల వీడియోలు వాట్సాప్ నిండా. శుభ శుక్రవారం, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలు ఏడుగురు ఏడు ఇళ్ళ నుంచి చెప్పారు. నాలుగో మాట చెబుతుండగా ఒకరింట్లో కుక్కరు కూసింది. ప్రభు బల్ల గురించి, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారం గురించి, పెద్ద చర్చే జరిగింది. అయ్యగారు ఫోన్లో ప్రార్థిస్తే ఇంట్లో రొట్టె విరవచ్చా, చెల్లుతుందా? మారీ బిస్కెట్టూ, ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్ళూ పెట్టుకుని కూర్చున్న ఇళ్ళు నాకు తెలుసు. వేదాంత కళాశాలలో చదివినవాళ్ళు ఏమంటారో గానీ, ఎండుద్రాక్ష దగ్గర ప్రభువు ఆగిపోతాడని నేననుకోను. పునరుత్థాన పండుగ నాడు సమాధుల తోటలో తెల్లవారుజాము ఆరాధన లేకపోవడం ఒక్కటే తట్టుకోలేకపోయాను. అమ్మా నాన్నల పెళ్ళి కంటే పాత అలవాటు మా ఇంట్లో అది.

మా ఒంగోలు సంఘంలో అయ్యగారిది నెల జీతం. పల్లెల్లో అట్లా కాదు. ఆదివారం కానుక సంచిలో పడిందే వాళ్ళ బతుకు. గుడి మూస్తే సంచి లేదు. ఆ సంగతి నాకు తట్టకముందే అమ్మ నుంచి ఫోనొచ్చింది. నాన్న పోయాక ఆమె పల్లెలోనే ఒంటరిగా ఉంటుంది. అయ్యగారిల్లు గోడ అవతలే. ఆయన భార్యను అమ్మగారంటాం. "మూడ్రోజుల్నుంచి అమ్మగారింట్లో పొద్దున కుక్కరు కూత వినపడ్డంలేదే" అంది. వెళ్ళి అడగలేం. అయ్యగారు నోరు తెరిచి చెప్పే మనిషి కాదు. అమ్మ డాల్డా డబ్బా ఎక్కడుందో వెతికి, దొరక్క, హార్లిక్స్ సీసా తీసింది. పల్లెలో ఫోన్లు తిరిగాయి. పక్క వీధి కుర్రాడు మాస్కు కట్టుకుని గుమ్మాల దగ్గర సంచి పట్టుకు నిలబడ్డాడు.

అయ్యగారు సంచి తిప్పి పంపేశాడు. "నేను పంచాల్సినవాణ్ని, పుచ్చుకుంటే సంఘం ఏమనుకుంటుంది" అన్నాడట. చిన్నవాడు, ముప్పై అయిదు కూడా ఉండవు. అమ్మ గోడ దగ్గర స్టూలు వేసుకుని ఎక్కింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి! "అయ్యగారూ, మీరు మాకు బాప్తిస్మం ఇస్తే మేం పుచ్చుకున్నామా లేదా? వాక్యం చెబితే పుచ్చుకున్నామా లేదా? పుచ్చుకోవడం మాకొక్కళ్ళకేనా?" అంది. అమ్మగారు వచ్చి సంచి లోపలికి తీసుకుంది. ఆ మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం అర్చకులకూ ఇమాములకూ పాస్టర్లకూ ఒక్కసారికి 5,000 రూపాయలు ఇచ్చింది. అందులోంచి అయ్యగారు మొట్టమొదట చేసిన పని, కూలి పోయిన ఇంకో ఇంటికి నూనె ప్యాకెట్లు పంపడం. అమ్మకు అది నచ్చలేదు. "ఇంకా తిరిగిచ్చేయాలనే చూస్తున్నాడు" అని సణిగింది.

ఒంగోలులో మా పని వేరే. చెన్నై నుంచి ఒడిశా వైపు వలస కూలీలు హైవే మీద నడుస్తూ, సైకిళ్ళు తొక్కుతూ వెళ్తున్నారు. మా స్త్రీల సమాజం పెరుగన్నం పొట్లాలు కట్టింది. ఎండకు విరుగుతుందేమోనన్న భయంతో పదకొండులోపే పంచేసేవాళ్ళం. ఒక కుర్రాడు పొట్లం తీసుకుని, కళ్ళకద్దుకుని, సైకిలు వెనక చక్రం చూపించాడు. అతని భాష మాకు రాదు, మాది అతనికి రాదు. తెలిసిందేమిటంటే, అన్నం దారి పొడుగునా దొరుకుతోంది, ట్యూబుకు అతికించే ప్యాచీ మాత్రం ఎక్కడా దొరకడంలేదు. షాపులన్నీ మూసి ఉన్నాయి. మాలో ఒకావిడ మరిది సైకిలు షాపు ఉంది. ఆ సాయంత్రం వెనక తలుపు తీయించి ప్యాచీలు, సొల్యూషను ట్యూబులు, గాలి పంపు తెచ్చాం. మర్నాటి నుంచి పెరుగన్నం గిన్నెల పక్కన పంపు కూడా పెట్టుకుని కూర్చునేవాళ్ళం. గాలి కొట్టడం ఆయాసం, వంతులు వేసుకున్నాం. జూన్ 8న గుళ్ళు తెరవొచ్చన్నారు. మా బల్లల మీద సున్నంతో గుర్తులు పెట్టి దూరదూరంగా కూర్చోబెట్టారు.

2021 వేసవి గురించి ఒక్క మాట రాసి వదిలేస్తాను. చీరాల వెళ్ళే ముందు "నడుస్తూ ప్రార్థన చేసుకోవచ్చు" అన్న ఆ అధ్యక్షురాలు ఆ మేలో ఆసుపత్రిలో పోయింది. పిల్లలు దూరదేశంలో ఉన్నారు. పల్లె యూత్ కుర్రాళ్ళు నలుగురు తలనుంచి పాదాల దాకా ఆ తెల్ల కిట్లు తొడుక్కుని పెట్టె దించారు. వాళ్ళలో ఇద్దరు దుప్పట్ల గొడవలో గుడి మానేసిన కుటుంబాల మనవళ్ళు. మేం సమాధుల తోట గేటు బయట నిలబడి పాడాం. మాస్కుల్లోంచి పాట సరిగ్గా రాలేదు. మూడో చరణం ఎవరికీ గుర్తు లేదు, ఆవిడే ఎత్తుకునేది ఎప్పుడూ.

పల్లెలో సంచి మళ్ళీ మొదలైంది, ఇప్పటికీ తిరుగుతోంది. కొందరు బియ్యం బదులు ఫోన్‌పేలో వేస్తామంటారు, స్త్రీల సమాజం ఒప్పుకోలేదు. డబ్బైతే ఎవరు ఎంత వేశారో ఫోన్లో కనపడుతుందట. ఈమధ్య కొత్త పేచీ వచ్చింది. అవసరాలకు పంచగా మిగిలిన బియ్యం అమ్మిన సొమ్ము కొంత పోగైంది. దాంతో గుడిలో ఎల్‌ఈడీ తెర పెడదామని యూత్ వాళ్ళంటున్నారు. పాటలు పెద్ద అక్షరాల్లో కనపడతాయి, మీకే మంచిది కదా అని ముసలివాళ్ళను బుజ్జగిస్తున్నారు. అయ్యగారు ఎటూ చెప్పడంలేదు. వచ్చే నెల సంఘ సమావేశంలో చేతులెత్తించి తేలుస్తారట. ఎనభైకి దగ్గరపడిన మా అమ్మ ఇప్పట్నుంచే ఫోన్లలో ఓట్లు పోగేస్తోంది.